పదకొండో పేరు

టీచర్లు తమలో తాము పిల్లల గురించి మాట్లాడుకుంటారా అని నన్ను అడిగినంతమంది ఇంకెవరినీ అడిగి ఉండరు. పదమూడేళ్ళు ఒకే బడిలో ఆయాగా చేశాను. గేటు దగ్గర తల్లులు అడిగేవారు. తండ్రులైతే బండి దిగకుండానే అడిగేవారు. చివరికి నా కడుపున పుట్టిన పిల్ల కూడా అడిగింది. అందరికీ ఒకటే చెప్పాను: వాళ్ళకి ఊపిరి తీసుకోవడానికే తీరిక ఉండదు, మీ పిల్లల ఊసు ఎక్కడ ఎత్తుతారు అని.

పచ్చి అబద్ధం. స్టాఫ్ రూములో పిల్లల ఊసు తప్ప ఇంకో ఊసు ఉండదు. జీతాల మీద రెండు మాటలు, మోకాళ్ళ నొప్పుల మీద నాలుగు మాటలు అయ్యాక, విరామంలో మిగిలినదంతా పిల్లలే. ఎవడు దిక్కులు చూస్తాడు, ఎవరి ఇంట్లో గొడవలు, ఎవరి తండ్రి తూలుతూ వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు, ఎవరి దస్తూరి చూస్తే కోడి కెలికినట్టుంటుంది. లెక్కల మేడమ్ పిల్లల నడకలు నడిచి చూపించేది. ఆవిడ అలా నడుస్తుంటే సైన్సు మాస్టారికి టీ పొలమారేది. నేను ట్రే పట్టుకుని గుమ్మంలో నిలబడి నవ్వేదాన్ని.

బయట అబద్ధం ఎందుకు చెప్పేదాన్నంటే, ఆ గదిలోకి నన్ను రానిచ్చిందే నా నోటికి తాళం ఉందని. మా ఆయన ఆ బడిలో గంట కొట్టేవాడు. మూడు రోజుల జ్వరంతో ఆయన పోయేనాటికి మా గువ్వకి రెండేళ్ళు. గువ్వ అంటే నా కూతురు, బడి రిజిస్టరులో వేరే పేరుందనుకోండి. పెద్దసారు, అంటే హెడ్మాస్టరు, నన్ను పిలిపించి ఆయా పని ఇచ్చారు, పిల్లకి ఫీజు లేకుండా చదువు చెప్పిస్తామన్నారు. ఒక్క షరతు పెట్టారు. ఆ గదిలో విన్నది ఆ గదిలోనే, గ్లాసులతో పాటు కడిగేసి పోవాలి. అలాగే కడిగేశాను. పదమూడేళ్ళలో ఒక్క మాట గేటు దాటలేదు.

అప్పట్లో నాకు చదువు రాదు. గంట కొట్టాలి గనక గడియారం మీది అంకెలు వచ్చు, జీతం పుచ్చుకోవాలి గనక సంతకం వచ్చు. సంతకం గువ్వే నేర్పింది, అది మూడో తరగతిలో ఉండగా. మిగతాదంతా గుర్తు మీద నడిపేదాన్ని. టీచర్లని కూడా వాళ్ళ టీని బట్టే గుర్తు పెట్టుకున్నాను. సైన్సు మాస్టారు చక్కెర లేని గ్లాసు. లెక్కల మేడమ్ మీగడ తీసేసిన గ్లాసు. భాష చెప్పే ముసలి మాస్టారు రెండు గ్లాసులు, మొదటిది తాగుతూ రెండోదాని కోసం చూసేవాడు.

ఇక అసలు సంగతి. ఏటా పదో తరగతి పెద్ద పరీక్షకి నాలుగు నెలల ముందు మా బడిలో ఒక పని జరిగేది. స్టాఫ్ రూములో దాన్ని ఏరివేత అనుకునేవారు. బడికి వందకి వంద ఫలితం రావాలి, గేటు మీద పెద్ద బోర్డు కట్టాలి. తప్పుతారనుకున్న పిల్లల పేర్లు ఒక జాబితా రాసేవారు. వాళ్ళ తల్లిదండ్రుల్ని పిలిచి, మా అంతట మేమే పిల్లని బడి మానిపిస్తున్నాం, బయటినుంచి పరీక్ష రాయించుకుంటాం అని కాగితం మీద సంతకం పెట్టించుకునేవారు. ఆ కాగితం పేరు ఇష్టపత్రం. ఇష్టం ఎవరిదో ఎవరూ అడిగేవారు కాదు. అలా బయటికి వెళ్ళిన పిల్లల్లో పరీక్ష దాకా వెళ్ళినవాళ్ళు నాకు తెలిసి ముగ్గురో నలుగురో. మిగిలినవాళ్ళు తరవాత నాకు దుకాణాల్లో కనపడేవారు, తూకం వేస్తూ, బస్తాలు దించుతూ. నన్ను చూసి తల తిప్పుకునేవారు.

ఆ జాబితా తయారయ్యే వారమంతా టీలు రెట్టింపు. ఒక్కో పేరూ పైకి చదవడం, ఒక్కొక్కరు ఒక్కో మాట అనడం. నేను అటూ ఇటూ తిరుగుతూ అన్నీ వినేదాన్ని. నన్ను చూసి ఎవరూ మాట ఆపేవారు కాదు. బీరువాని చూసి ఎవరైనా మాట ఆపుతారా?

ఆ ఏడు ఆపారు.

మొదటిరోజు ట్రే తీసుకుని గుమ్మంలో కాలు పెట్టగానే గదంతా చప్పబడింది. లెక్కల మేడమ్ ఎర్ర పెన్ను మూత పెట్టేసింది. చక్కెర లేని మాస్టారు, ఇవాళ ఎండ బాగా ఉంది కదూ, అన్నాడు. బయట మబ్బు పట్టి ఉంది. గ్లాసులు ఇచ్చి టీ గదిలోకి వచ్చేశాను. రెండు గదులకీ మధ్య గోడలో తలుపు లేని కిటికీ ఉంది, అటు మాట ఇటు వినపడుతుంది. స్టవ్ బుస కొడుతున్నంతసేపూ అవతల గుసగుసలు నడిచాయి, ముక్క అర్థం కాలేదు. విందామని స్టవ్ కట్టేశాను. స్టవ్ ఆగగానే మాటలూ ఆగాయి. మళ్ళీ వెలిగించాను, మళ్ళీ మొదలయ్యాయి. మూడుసార్లు చేసి చూశాను. అప్పుడు అర్థమైంది. నా పిల్ల గురించే.

గువ్వ లెక్కల్లో వెనకబడిన మాట నాకు తెలుసు. ఎంత వెనకో తెలియదు. మార్కుల కాగితం మీద అంకెలు నేను చదవగలను కానీ ఎన్నిటికి ఎన్నో అడిగితే, ఈసారి అందరికీ తక్కువే వచ్చాయమ్మా అనేది. మిగతావాళ్ళ పిల్లల సంగతి వాళ్ళ తల్లుల కంటే ముందు నాకు తెలిసేది. నా పిల్ల సంగతి ఆ గదిలో ఎప్పుడూ వినపడలేదు గనక బాగానే చదువుతోందనుకున్నాను. నేను వెళ్ళాక మాట్లాడుకుంటారన్న ఆలోచన పదమూడేళ్ళలో ఒక్కసారి కూడా రాలేదు. ఎంత తెలివైనదాన్నో చూడండి.

మంగళవారం బడి వదిలే వేళకి పెద్దసారు నాకొక కవరు ఇచ్చారు. ఎదురు వీధి జిరాక్స్ దుకాణంలో మూడు కాపీలు తీయించుకు రమ్మన్నారు. వెళ్ళేసరికి వీధంతా కరెంటు లేదు. ఆరయినా రాలేదు. రేపు పొద్దున్నే రా ఆయమ్మా, అన్నాడు దుకాణం అతను. తిరిగి వస్తే బడి తాళం వేసి ఉంది. కవరు చంకలో పెట్టుకుని ఇంటికి వచ్చాను.

సైకిళ్ళు బాగుచేసే దుకాణం వెనక ఒకే గది మాది. గువ్వ కింద కూర్చుని పుస్తకం ముందేసుకుని ఉంది. కవరు అంటించి లేదు. తీసి చూశాను. ఒకదాని కింద ఒకటి వరసలు, పక్కన అంకెలు. చివరి అంకె పదకొండు. అదేమిటో నాకు తెలుసు. ఏటా అలాంటి కాగితమే ఆ బల్ల మీద ఉండేది, దాని పక్కనే గ్లాసు పెట్టేదాన్ని.

చదివి పెట్టమని అడగడానికి ఆ వీధిలో ఇంకెవరూ లేరా అంటే ఉన్నారు. ముందు దుకాణంలో సైకిళ్ళాయన చదివేవాడు. కానీ బడి కాగితం పరాయివాళ్ళకి చూపిస్తానా? తాళం వేసిన నోరు కదా నాది. అందుకని దాన్ని ఎవరికి చూపించకూడదో వాళ్ళకే చూపించాను.

"ఇది కాస్త చదివి పెట్టు. పైకి చదువు" అన్నాను.

గువ్వ కాగితం అందుకుని పైనుంచి కిందిదాకా ఒకసారి చూపు దింపింది. తరవాత చదవడం మొదలుపెట్టింది. ఒక్కో పేరుకీ ఒక్కో ఇల్లు నాకు కళ్ళ ముందు కనపడింది. రొట్టెల దుకాణం వాళ్ళ అబ్బాయి. కవలల్లో పెద్దది. గచ్చు పనికి వెళ్ళే ఆయన కొడుకు, వాడు క్లాసులో నిద్రపోతాడు. నేను గ్లాసులు లెక్కపెట్టుకున్నట్టే బొటనవేలితో వేళ్ళ కణుపులు తాకుతూ లెక్కపెట్టుకుంటున్నాను. చివరికి వచ్చేసరికి గువ్వ గొంతు సవరించుకుంది. కాగితం దించింది.

"అంతే. నేను లేనమ్మా" అంది, నవ్వుతూ.

నా వేళ్ళ మీద పది ఉన్నాయి.

కాగితం తీసుకుని మడిచి కవరులో పెట్టాను. బుగ్గలు లాగి నవ్వు తెచ్చుకున్నాను. దేవుడు ఉన్నాడులే అన్నాను. అది నన్ను చూడలేదు, నేను దాన్ని చూడలేదు. గోడ మీద బల్లి ఉంటే ఇద్దరం దాన్ని చూశాం.

కాసేపటికి గువ్వే మాట కదిపింది. కవలల్లో చిన్నదాన్ని ఉంచి పెద్దదాన్ని ఎందుకు వేశారని. రెండూ ఒకేలా చదువుతాయి కదా అని. మనసు ఎక్కడో ఉండి నోరు జారాను. "పెద్దదానికి చూసి రాయడం కూడా చేతకాదని మీ లెక్కల మేడమ్ అంటుంది."

గువ్వ పుస్తకం మూసింది. "అంటే మాట్లాడుకుంటారన్నమాట."

నేను బియ్యం కడగడానికి లేచాను.

"అమ్మా, నిన్నే. ఏడో తరగతిలో అడిగాను, ఎనిమిదిలో అడిగాను. లేదన్నావు. మా గురించి మాట్లాడుకుంటారు, నువ్వు వింటావు."

విన్నదంతా చెప్పకూడదని, అది నా ఉద్యోగమని ఏదో నసిగాను.

"మేడమ్ అది అన్నప్పుడు అందరూ నవ్వారా?"

"నవ్వారు."

"నువ్వూ నవ్వావా?"

గిన్నెలో నీళ్ళు తెల్లగా అవుతున్నాయి. వంచేశాను, మళ్ళీ పోశాను. జవాబు ఎంతసేపటికీ రాకపోతే అదే జవాబు అని ఆ వయసు పిల్లలకి తెలుసు.

"సరే, నా గురించి ఏమంటారు?"

"నాకు తెలీదే."

"ఊరందరి పిల్లల గురించీ తెలుసు. నా గురించి తెలీదు."

"నీ గురించి నా ముందు మాట్లాడరు. నీ మీద ఒట్టు."

పదమూడేళ్ళలో ఈ సంగతి మీద నేను చెప్పిన మొట్టమొదటి నిజం అదే. అది నమ్మలేదు. ఎలా నమ్ముతుంది? లేచి తువ్వాలు తీసుకుని కుళాయి దగ్గరికి పోయింది, ముఖం కడుక్కోవడానికి. చాలాసేపు కడుక్కుంది.

బుధవారం పొద్దున్నే కాపీలు తీయించి పెద్దసారు బల్ల మీద పెట్టాను. రెండో గంట అయ్యాక భాష మాస్టారు ఒక్కరే స్టాఫ్ రూములో ఉంటే ఆయనకి అడక్కుండానే రెండో గ్లాసు ఇచ్చి, పక్కన నిలబడ్డాను. ఆయన గ్లాసు ముట్టుకోలేదు.

"చూశావా కాగితం?" అన్నాడు.

చదివించుకున్నానన్నాను. ఎవరిచేత అని అడిగాడు. చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. తరవాత నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. గువ్వకి నాలుగేళ్ళ కిందే లెక్కల్లో పట్టు తప్పిందట. ఆయమ్మ కూతురు కదా అని పైకి తోస్తూ వచ్చారట. ఇప్పుడు తోయడానికి పై తరగతి లేదట. ఆ మాటలన్నీ నేను సాయంత్రం తలుపులు వేసి వెళ్ళిపోయాక జరిగేవట. నాకు చెప్పకపోవడం నా మీద దయ అనుకున్నారట.

"ముందే చెప్పుంటే ఎక్కడైనా ట్యూషన్ పెట్టించేదాన్ని కదా మాస్టారూ. పూటకి ఒక ఇంట్లో అంట్లు తోమైనా పెట్టించేదాన్ని."

"నువ్వూ ఎవరికీ చెప్పలేదు కదమ్మా" అన్నాడు. తిట్టినట్టు అనలేదు. ఆయనలో ఆయన అనుకున్నట్టే అన్నాడు. "మనం ఈ గదిలో ఎంతమంది గురించి అనుకున్నాం. ఒక్కరికైనా ముందు చెప్పామా?"

పెద్దసారుతో మాట్లాడి చూస్తానన్నాడు. ఆయన మాట ఎంతవరకు చెల్లుతుందో నాకు తెలుసు. ఆయన లేనప్పుడు ఆయన గురించి ఏమనుకుంటారో కూడా విన్నాను కదా.

గురువారం ఇష్టపత్రాలు పిల్లల చేతికి ఇచ్చి ఇళ్ళకి పంపారు. శనివారం తల్లిదండ్రులు రావాలి. ఆ సాయంత్రం ఇంట్లో అంట్లు తోముతూ గువ్వ సంచీ వంక చూస్తూనే ఉన్నాను. కాగితం తీయలేదు. శుక్రవారం ఉదయం కూడా తీయలేదు. మాస్టారు మాట చెల్లిందేమో అనిపించింది. అనిపించడం అంటే మామూలుగా కాదు, మునిగేవాడు గడ్డిపోచని పట్టుకున్నట్టు పట్టుకున్నాను. నేను నోరు మెదపకుండా ఉంటే చాలు, నా పదమూడేళ్ళ నోటి తాళం చూసైనా నా పిల్లని వదిలేస్తారు అనుకున్నాను.

ఆ నమ్మకంతోనే శనివారం ఒక పాపం చేశాను.

పెద్దసారు గది బయట వరండాలో బెంచీల మీద తల్లిదండ్రులు కూర్చున్నారు. పనులు మానుకుని వచ్చారు. రొట్టెల దుకాణం ఆయన చేతుల నిండా పిండి అలాగే ఉంది. కవలల తల్లి చివర కూర్చుంది, పక్క సందులో బట్టలు ఇస్త్రీ చేస్తుంది. నేను నీళ్ళు ఇస్తుంటే నా చెయ్యి పట్టుకుంది.

"ఆయమ్మా, నువ్వు లోపలి మనిషివి. ఈ సంతకం పెట్టాలా, వద్దా? పెట్టకపోతే ఏం చేస్తారు?"

పెట్టకపోతే ఏమీ చేయలేరు. ఆ సంగతి నాకు తెలుసు. పోయినేడు పెద్దసారే అన్నారు, తల్లిదండ్రుల సంతకం లేకుండా ఏ పిల్లనీ పరీక్ష ముందు తీయలేం, పైనుంచి మాట వస్తుంది, అందుకని ఎలాగోలా పెట్టించండి అని. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. గువ్వ కళ్ళల్లో మెదిలింది.

"నీళ్ళు తాగమ్మా" అన్నాను.

ఆమె తాగి గ్లాసు ఇచ్చింది. లోపలికి పిలిస్తే వెళ్ళింది.

ఆమె ఇవతలికి రాగానే పెద్దసారు నన్ను పిలిచారు. టీకి అనుకుని ట్రే తీసుకుని వెళ్ళాను. ఆయన పక్కన లెక్కల మేడమ్, కిటికీ దగ్గర భాష మాస్టారు. ట్రే పక్కన పెట్టి కూర్చోమన్నారు. పదమూడేళ్ళలో ఆ కుర్చీ తుడవడమే గానీ కూర్చోలేదు. కూర్చోగానే అర్థమైపోయింది.

"నీ సంగతి నాకు బాధగానే ఉందమ్మా" అన్నారు పెద్దసారు. "అయినా నువ్వు మంచిపని చేశావు. అందరికంటే ముందు సంతకం పెట్టి పంపావు. పెద్దమనసు నీది."

నా ముందుకి ఒక కాగితం జరిపారు. కింద నా సంతకం ఉంది. నా సంతకం కంటే బాగుంది. నేను పెడితే చివరికి వచ్చేసరికి చెయ్యి అలిసి కిందికి జారిపోతుంది. ఇది గీత గీసినట్టు నిటారుగా ఉంది. గురువారం మధ్యాహ్నం కాగితం చేతికి రాగానే, బళ్ళో బల్ల మీదే గువ్వ పెట్టేసి ఉంటుంది. నా ఉద్యోగం పోకూడదని. నేను పెద్దసారు ముందు నిలబడి బతిమాలుకునే పరిస్థితి రాకూడదని. లేక, నామీద కోపంతోనా? ఇప్పటికీ అడగలేదు.

ఇది నేను పెట్టింది కాదంటే పిల్ల దొంగ సంతకం చేసినట్టు. పోయినేడు ఒక అబ్బాయి మార్కుల కాగితం మీద తండ్రి సంతకం పెట్టాడని టి.సి. చేతికిచ్చి పంపేశారు. వాణ్ణి గేటుదాకా నడిపించుకుంటూ వెళ్ళింది నేనే. నాదే అంటే పిల్ల బయటికి. అటు చూస్తే నుయ్యి, ఇటు చూస్తే గొయ్యి, మధ్యలో నేను మొదటిసారి కుర్చీలో కూర్చుని ఉన్నాను.

"ఇది నీ సంతకమే కదా?" అంది లెక్కల మేడమ్. ఆవిడ కళ్ళు చురుకు. ఆవిడకి అనుమానం వచ్చింది.

"నాదే మేడమ్" అన్నాను. "నేనే పెట్టాను. ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను."

పెద్దసారు నవ్వారు. "సంతకం వెనక్కి తీసుకోవడమేంటమ్మా, అదేమైనా టీ గ్లాసా?"

నేను కాగితం తీసి నాలుగు మడతలు పెట్టి రొంటిన దోపుకున్నాను. మొదటిసారి జారిపడింది, వంగి తీసి మళ్ళీ దోపుకున్నాను. ఆయన నవ్వు ఆగిపోయింది. కాగితం బల్ల మీద పెట్టమన్నారు. పెట్టలేదు.

"సంతకం లేకపోతే పిల్లని తీయలేమని మీరే అన్నారు సార్. పోయినేడు, పాలు పలచగా ఉన్నాయని నన్ను కేకలేసిన రోజు. చక్కెర లేని మాస్టారు, అదే, సైన్సు మాస్టారు కూడా ఉన్నారు. ఎలాగోలా పెట్టించండి అన్నారు. నేను పెట్టను."

లెక్కల మేడమ్ మెల్లగా అంది, "గోడలకి చెవులుంటాయని విన్నాం గానీ, మన గోడ టీ కూడా పెడుతోందన్నమాట." భాష మాస్టారు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఆయన ఒక్క మాట అంటాడేమో అని చూశాను. అనలేదు. ఆయనకి ఇంకా రెండేళ్ళు సర్వీసు ఉంది.

పెద్దసారు కోపిష్ఠి కాదు. అరవలేదు. యాజమాన్యం తనని ఏమంటుందో చెప్పారు, తను నాకు చేసిన మేలు చెప్పారు, మా ఆయన పేరెత్తారు. అన్నీ నిజాలే. కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటాను సార్, పిల్లని మాత్రం లోపలే ఉంచండి అన్నాను. చివరికి ఆయన ఎర్ర పెన్ను తీసి జాబితాలో పదకొండో వరస మీద గీత కొట్టారు.

"తప్పిందంటే ఆ పాపం నీది. సోమవారం నుంచి నువ్వు రానక్కర్లేదు."

తాళాల గుత్తి బల్ల మీద పెట్టి లేచాను. ట్రే అక్కడే ఉంది, తీయాలా వద్దా అని ఒక్క క్షణం ఆగాను. అలవాటు. వదిలేసి వచ్చాను.

బయట బెంచీ మీద ఇంకా ఐదుగురు ఉన్నారు. సంతకాలు పెట్టకండి, మీరు పెట్టకపోతే పిల్లల్ని తీయలేరు అన్నాను. గట్టిగానే అన్నాను, లోపలికి వినపడేలా. రొట్టెల దుకాణం ఆయన నన్నూ, తలుపునీ మార్చి మార్చి చూశాడు. అతను పెట్టాడో లేదో నాకు తెలియదు. కవలల తల్లి అంతసేపూ మెట్ల మీదే కూర్చుండిపోయినట్టుంది, అప్పుడే చెప్పులు వేసుకుంటోంది. ఆమె దగ్గరికి పరిగెత్తినట్టు వెళ్ళాను.

"పెట్టేశానుగా ఆయమ్మా" అంది. "నిన్ను అడిగితే నీళ్ళిచ్చావు."

అంతే అంది. చెప్పుల పట్టీ పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఒంటిపూట బడి వదిలేదాకా గేటు బయట, రోడ్డుకి అవతల నిలబడ్డాను. గంట ఎవరో కొట్టారు. రెండు కొట్టాల్సింది మూడు కొట్టారు. పిల్లలంతా వచ్చాక గువ్వ వచ్చింది. సంగతి అప్పటికే బడంతా పాకింది, నన్ను చూస్తూనే మొహం తిప్పుకుని చరచరా నడిచింది. వెనకే వెళ్ళాను. రెండు వీధులు దాటాక ఆగింది.

"చెప్పేశావా? నేనే పెట్టానని?"

"లేదు. నేనే పెట్టానన్నాను."

"మరి కాగితం?"

రొంటిన ఉందని చూపించాను.

"ఎందుకమ్మా తీసుకున్నావు? అది అక్కడ ఉంటే నీ పని ఉండేది. ఇప్పుడు గది అద్దె ఏం పెట్టి కడతావు? నన్ను ఉంచమని ఎవరు అడిగారు?" గొంతు పైకి పోతోంది, దుకాణాల్లోంచి జనం చూస్తున్నారు. అద్దె మాట నేను ఆలోచించలేదు. నిజంగానే ఆలోచించలేదు.

"నువ్వు పరీక్ష రాస్తావు. ఆ బడినుంచే రాస్తావు. నీ పేరు కొట్టేశారు, నా కళ్ళతో చూశాను."

"నేను తప్పుతానమ్మా." అప్పుడు దాని గొంతు చిన్నదైపోయింది. "నీకు తెలీదు. నాకు తెలుసు. ఆ మేడమ్ చెప్పేది ఆరో తరగతి నుంచి నాకు అర్థం కావట్లేదు. రోజూ బోర్డు చూసి బొమ్మ గీసినట్టు దింపుకుంటున్నాను. అది నీకు చెబితే, నువ్వు వాళ్ళకి టీ ఇచ్చేటప్పుడు నీ మొహంలో కనపడుతుందని చెప్పలేదు."

నేను ఆ గదిలో విన్న మాటల్లో ఒక్కటైనా దానికి పనికొచ్చేది ఉందా అని వెతికాను. పదమూడేళ్ళ మాటలు. ఒక్కటీ లేదు.

"తప్పితే తప్పు" అన్నాను. "ఆ బల్ల మీద కూర్చుని తప్పు. బయటినుంచి మాత్రం కాదు."

అది మూసి ఉన్న ఒక దుకాణం మెట్టు మీద కూలబడి, సంచీ ఒళ్ళో పెట్టుకుని, దాంట్లో మొహం పెట్టి ఏడ్చింది. పెద్దపిల్ల అయ్యాక దాన్ని అలా వీధిలో ఏడవడం చూడలేదు. సోమవారం నుంచి ఎవరి ఇంట్లో పని అడగాలో నాకు తెలియదు. నాలుగు నెలల్లో నాలుగేళ్ళ లెక్కలు ఎవరు చెబుతారో తెలియదు. అడగడానికి నాకు తెలిసిన చదువుకున్న మనుషులంతా ఆ గదిలోనే ఉన్నారు.

లేచి ఇంటికి రమ్మన్నాను. రాలేదు. మళ్ళీ అన్నాను. కాస్త పక్కకి జరిగింది, అంతే. నేనూ ఆ మెట్టు మీదే కూర్చున్నాను.